యవ్వనస్తుల సందేహాలు - సమాధానాలు: రాని పిల్లల్ని ఎవరు అడుగుతున్నారు?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిలో ఒకటే బాధ. సండే స్కూల్లో యాక్షన్ సాంగ్స్ పాడి, కంఠత వాక్యాలు గడగడా అప్పజెప్పిన పిల్లలు ఎనిమిదో తరగతి దాటేసరికి ఒక్కొక్కరే వెనక బల్లలకు జరుగుతున్నారు. ఇంటర్‌కి వచ్చేసరికి అసలు కనబడటం లేదు. రాసినవాళ్ళలో పాస్టర్లున్నారు, తల్లులున్నారు, పిల్లలూ ఉన్నారు. పిల్లల ఉత్తరాలు చదివాక పెద్దలకు ఏం చెప్పాలో నాకు మరింత తేటపడింది. అందుకే వాటన్నిటినీ ఒకచోట చేర్చి జవాబిస్తున్నాను. రాసినవారి పేర్లు కావాలనే ఇవ్వలేదు.

సందేహం: మాది మండల కేంద్రంలో ఉన్న సంఘం. నేను యూత్ లీడర్‌ని. రిజిస్టర్‌లో నలభై రెండు పేర్లున్నాయి. శనివారం సాయంత్రం కూడికకు వచ్చేది పది, పన్నెండు మంది. కొత్త సౌండ్ సిస్టమ్ కొన్నాం. క్యారమ్స్, షటిల్ పెట్టాం. హైదరాబాదు నుంచి పేరున్న ప్రసంగీకులను పిలిచాం. ఆ రోజుకి వస్తారు, మళ్ళీ కనబడరు. ఇంకేం చేయమంటారు?
– ఒక యూత్ లీడర్, గుంటూరు జిల్లా

సమాధానం: బ్రదర్, ఇంకేమీ కొనకండి. ముందు ఒక్క సంగతి ఆలోచించండి. పోయిన శనివారం రాని ముప్పై మందిలో ఎంతమంది ఇళ్ళకు మీలో ఎవరైనా వెళ్ళారు? మీ ఉత్తరంలో వచ్చినవాళ్ళ లెక్క ఉంది, కొన్న సామాను లెక్క ఉంది. రానివాళ్ళు ఎందుకు రాలేదో ఒక్క ముక్క లేదు. పద్నాలుగేళ్ళ పిల్లవాడు రెండు వారాలు మానేసి చూస్తాడు. ఎవరూ అడగరు. నేను లేకపోయినా అక్కడ ఏదీ ఆగలేదని తనకు తానే తేల్చుకుంటాడు. ఒకసారి అలా తేల్చుకున్నవాణ్ణి స్పీకర్లు, షటిల్ బ్యాట్లు వెనక్కి తేలేవు.

రాయ్ బామైస్టర్, మార్క్ లియరీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1995లో ఒక వ్యాసం రాశారు. తన వాళ్ళంటూ కొందరు ఉండాలన్న కోరిక మనిషిలో ఎంత లోతైనదో, అది ఎలా తీరుతుందో అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ వెతికి చూశారు. మనిషికి పెద్ద గుంపు అక్కర్లేదన్నారు. కొద్దిమందే చాలు. కానీ ఆ కొద్దిమందితో తరచుగా కలుసుకుంటూ ఉండాలి, వాళ్ళు తన బాగోగులు పట్టించుకుంటారన్న నమ్మకం నిలకడగా ఉండాలి. రెండిట్లో ఏ ఒక్కటి లేకపోయినా వెలితి తీరదు. హైదరాబాదు నుంచి వచ్చి వెళ్ళే ప్రసంగీకుడు ఎంత మంచివాడైనా ఈ రెండూ ఇవ్వలేడు. మీ వీధిలో ఉండే డిగ్రీ చదివే అన్న ఇవ్వగలడు.

ఇది కొత్త సంగతేమీ కాదు. 1881 ఫిబ్రవరి 2న అమెరికాలోని పోర్ట్‌లండ్ ఊళ్ళో ఫ్రాన్సిస్ క్లార్క్ అనే పాస్టరు తన సంఘంలోని కుర్రవాళ్ళతో క్రిస్టియన్ ఎండీవర్ సొసైటీ మొదలుపెట్టారు. కొద్ది సంవత్సరాల్లోనే అది దేశదేశాలకూ పాకింది. మన మిషను సంఘాల్లో కొందరు పెద్దవాళ్ళు ఇప్పటికీ 'సి.ఇ. మీటింగు' అనేది దాన్నే. అందులో రెండు పద్ధతులు మనం మళ్ళీ తెచ్చుకోదగ్గవి. మొదటిది, కూడికకు వచ్చిన సభ్యుడు ఊరికే కూర్చుని వెళ్ళకూడదు. ఒక వచనం చదవాలి, రెండు మాటలు ప్రార్థన చేయాలి, ఏదో ఒక పాలు తీసుకోవాలి. రెండోది 'లుకౌట్ కమిటీ'. కొత్తవాళ్ళను తీసుకురావడం, వచ్చినవాళ్ళకు అలవాటు చేయడం, చల్లబడినవాళ్ళను ప్రేమగా కలిసి వెనక్కి తీసుకురావడం దాని పని. ఇంకా విశేషం ఏమిటంటే, ఆ పని చేసేదీ కుర్రవాళ్ళే. ఈ నూట నలభై ఏళ్ళలో పాటల బాణీలు మారాయి, వాయిద్యాలు మారాయి. ఈ పని మాత్రం ఎక్కడో జారిపోయింది.

మీ సొంత సంఘంలోనే దీనికి రుజువుంది. డిసెంబరులో మీ యూత్‌కి ఎంతమంది వస్తారో గుర్తు చేసుకోండి. దాదాపు అందరూ వస్తారు. ఆ నెలలో మీరు కొత్తగా ఏ వక్తనూ పిలవరు. మరి ఎందుకొస్తారు? చర్చి వెనక చీకటి పడ్డాక జరిగేది చూడండి. ఒకడు వెదురు బద్దలు చీలుస్తాడు. ఒకడు పురికొసతో కట్లు కడతాడు. ఇద్దరమ్మాయిలు మైదాపిండి ఉడికించి జిగురు చేస్తారు. రంగు కాగితం నలగకుండా అంటించడం ఒక్కడికే చేతనవును, వాడి కోసం అందరూ ఎదురుచూస్తారు. లోపల బల్బు పెట్టే వైరింగు తెలిసినవాడు తొమ్మిదో తరగతి తప్పినవాడు కావచ్చు, ఆ రాత్రి వాడే పెద్ద. క్యారల్స్‌కి బయల్దేరితే డోలక్ ఒకరిది, కానుకల డబ్బా ఒకరిది, ఏ ఇంటి తర్వాత ఏ ఇల్లో రాసిపెట్టుకున్న కాగితం ఒకరిది. ఒక్కడు రాకపోతే 'వాడేడిరా' అని నలుగురు అడుగుతారు. జనవరి రెండో వారానికి ఆ పనులన్నీ అయిపోతాయి. మళ్ళీ కుర్చీలన్నీ ముందు వైపుకు తిరుగుతాయి, ఒకరు మాట్లాడతారు, మిగతావాళ్ళు వింటారు. పిల్లలు తగ్గిపోయేది అప్పుడే. కాబట్టి మీరు వెతకాల్సింది మిగతా పదకొండు నెలలకు పని.

ఇలా చేసి చూడండి. నలభై రెండు మందినీ వీధుల వారీగా ఆరుగురేసి జట్లు చేయండి. ఒక్కో జట్టుకు పెద్దవాళ్ళలో ఒక అన్నో అక్కో, వాళ్ళ వయసువాళ్ళలోనే ఒకరు. కూడిక ముగిశాక పది నిమిషాలు ఆగి, రిజిస్టర్‌లో రాని పేర్లు మాత్రమే చదవండి. ఎవరు ఎవరింటికి వెళ్తారో అక్కడే అనుకోండి. వెళ్ళినప్పుడు 'శనివారం ఎందుకు రాలేదు?' అని మొదలుపెట్టకండి, ఆ ఒక్క మాటతో తలుపు మూసుకుపోతుంది. పరీక్ష ఎలా రాశాడో అడగండి, ఒంట్లో బాగోలేని నాయనమ్మను పలకరించండి, టీ ఇస్తే తాగండి. తల్లి ఎదురుగా 'మీవాడు రావడం లేదండీ' అని ఫిర్యాదు మాత్రం చేయకండి.

ఇక పని విషయం. ఆదివారం ఆరాధనలో లేఖన పఠనం పిల్లలకు ఇవ్వండి. యూత్ కానుకల లెక్కల పుస్తకం పదో తరగతి పిల్ల చేతికివ్వండి. చూపు మందగించిన వృద్ధులకు వారానికొకసారి బైబిలు చదివి వినిపించే పని ఇవ్వండి. వాళ్ళు చేయకపోతే నిజంగానే ఆగిపోయే పనులు ఇవ్వాలి. చదివేటప్పుడు తడబడితే పెద్దలు సణుగుతారు. ఆ సణుగుడును మీరు భరించండి, పిల్లల దాకా పోనివ్వకండి.

సందేహం: నాకు పదిహేనేళ్ళు. నాన్నగారికి బదిలీ అయి ఈ ఊరొచ్చాం. ఇక్కడ యూత్‌లో అందరూ చిన్నప్పటి నుంచి ఫ్రెండ్స్. క్వయర్‌లో ఉన్నవాళ్ళంతా ఒక గ్రూపు. నాకు పాడటం రాదు. మీటింగ్ అయ్యాక అందరూ గుండ్రంగా నిలబడి నవ్వుకుంటూ మాట్లాడుకుంటారు. నేను చెప్పులు విడిచే దగ్గర నిలబడి ఫోన్ చూస్తున్నట్టు నటిస్తాను. అమ్మ అడిగితే 'బాగుంది' అంటాను. నాలో ఏమైనా లోపం ఉందా?
– ఒక విద్యార్థిని, రాజమహేంద్రవరం

సమాధానం: అమ్మా, నీలో ఏ లోపమూ లేదు. ఇంత నిజాయితీగా రాయగలిగిన పిల్లలో లోపమేముంటుంది? ఆ గుండ్రంగా నిలబడ్డవాళ్ళకు నీమీద కోపమూ లేదు, చిన్నచూపూ లేదు. వాళ్ళు నిన్ను చూడలేదు, అంతే. చూడకపోవడం తప్పు కాదని నేననను. అది వాళ్ళు దిద్దుకోవాల్సింది, నువ్వు కాదు.

అయినా నీ చేతిలో ఉన్నది కొంత ఉంది. ఆ గుంపు మొత్తంతో స్నేహం చేయాలని చూడకు, అది ఎవరివల్లా కాదు. ఒక్కరిని ఎంచుకో. బాగా గమనిస్తే నీలాగే ఓ పక్కన ఉండిపోయే అమ్మాయి ఇంకొకతె తప్పకుండా ఉంటుంది. ముందు ఆమెను పలకరించు. తర్వాత మీ యూత్ అక్క దగ్గరికి వెళ్ళి 'అక్కా, నాకేదైనా పని చెప్పండి' అని అడుగు. పాడటం రానివాళ్ళకు చర్చిలో పని లేదనుకోకు. తెర మీద పాటల చరణాలు వేసేవాళ్ళు కావాలి. ఏ చరణం తర్వాత పల్లవి వస్తుందో, పాడేవాళ్ళు ఎక్కడ మళ్ళీ మొదటికొస్తారో క్షణం ముందే కనిపెట్టి మార్చాలి. ఆ పని చేసే పిల్లకు క్వయర్ వాళ్ళు వారం వారం పాటల పట్టిక తెచ్చివ్వాల్సిందే, పక్కన కూర్చుని మాట్లాడాల్సిందే. కలిసి పని చేస్తుంటే మాటలు వాటంతటవే వస్తాయి. ఇవాళ ఇంటికెళ్ళి మీ అమ్మతో మాత్రం నిజం చెప్పు. ఆవిడా ఈ ఊరికి కొత్తే కదా, బహుశా ఆవిడా స్త్రీల కూడికలో అలాగే నిలబడుతున్నారేమో.

ఈ ఉత్తరం చదువుతున్న యూత్ లీడర్లకు నాదో మనవి. మీరు రెండు గంటల కూడికకు ప్రణాళిక వేస్తారు. తర్వాతి పదిహేను నిమిషాలకు వేయరు. కొత్త పిల్ల మళ్ళీ వస్తుందా రాదా అన్నది ఆ పదిహేను నిమిషాల్లో చెప్పుల దగ్గర తేలిపోతుంది. రూతు గ్రంథం రెండో అధ్యాయం మళ్ళీ చదవండి. మోయాబు నుంచి వచ్చిన పరాయి ఆడపిల్ల బేత్లెహేము పొలంలో పరిగె ఏరుకుంటుంటే బోయజు ఊరికే జాలిపడి ఊరుకోలేదు. పనివాళ్ళతో కలిసి భోజనానికి కూర్చోబెట్టాడు. ఆమె ఏరుకోవడానికి కొన్ని పిడికెళ్ళు కావాలనే విడిచిపెట్టమని పనివాళ్ళకు చెప్పాడు. 'కావాలనే' అన్నది గమనించండి. క్వయర్ పిల్లల్లో ఇద్దరిని ముందే పిలిచి, కూడిక ముగిసిన వెంటనే తమ స్నేహితుల దగ్గరికి కాక కొత్తవాళ్ళ దగ్గరికి వెళ్ళే బాధ్యత వాళ్ళకు అప్పగించండి.

సందేహం: మా అబ్బాయి విజయవాడలో ఒక కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో ఇంటర్ చదువుతున్నాడు. వెళ్ళకముందు సండే స్కూల్లో చిన్నపిల్లలకు పాటలు నేర్పేవాడు. దసరా సెలవులకు వచ్చి చర్చికి రానన్నాడు. బలవంతాన తీసుకెళ్తే మధ్యలో లేచి వచ్చేశాడు. విశ్వాసం పోగొట్టుకున్నాడేమోనని నాకు నిద్ర పట్టడం లేదు.
– ఒక తల్లి, పశ్చిమ గోదావరి జిల్లా

సమాధానం: అమ్మా, విశ్వాసం పోయిందని అప్పుడే అనుకోకండి. ఆ ఆదివారం చర్చి ఆవరణలో అతన్ని ఎవరెవరు ఏమని పలకరించారో గుర్తు చేసుకోండి. నాకు తెలిసి తొంభై పాళ్ళు ఒకటే ప్రశ్న: 'ఏం బాబూ, మార్కులెన్ని? ర్యాంకెంత?' తెల్లవారుజామున స్టడీ అవర్‌కి లేచి, వారాంతం వారాంతం పరీక్షలు రాసి, గోడ మీద అంటించిన ర్యాంకుల పట్టికలో తన పేరు ఎక్కడుందో వెతుక్కునే పిల్లవాడు ఇంటికొచ్చాడు. దేవుని మందిరంలోనూ అదే పట్టిక ఎదురైంది. లేచి వెళ్ళిపోయాడంటే నాకు ఆశ్చర్యం లేదు. ప్రతి సంఘం పెద్దలనూ చేతులు జోడించి అడుగుతున్నాను, చర్చి గుమ్మంలో పిల్లల మార్కులు అడగడం మానండి. 'నిన్ను చూసి చాలా రోజులైంది నాన్నా, సండే స్కూలు పిల్లలు నిన్ను అడుగుతున్నారు' అంటే చాలు.

అమెరికాలోని ఫుల్లర్ సెమినరీ వాళ్ళు, హైస్కూలు దాటాక కూడా సంఘంలో నిలిచే పిల్లల గురించి కొన్నేళ్ళు పరిశోధన చేశారు. మామూలుగా మనం ఐదుగురు పిల్లలకు ఒక టీచరు చాలనుకుంటాం. దాన్ని తిరగేయమన్నారు వాళ్ళు. ఒక్కో పిల్లవాడి చుట్టూ అతని మంచి కోరే పెద్దవాళ్ళు ఐదుగురు ఉండాలట. తల్లిదండ్రులు కాకుండానే. మీరు ఈ రాత్రే కూర్చుని అలాంటి ఐదుగురి పేర్లు రాయండి. అతనికి కీబోర్డు నేర్పిన అన్న, సండే స్కూలు టీచరమ్మ, అతను సైకిలు మీద తిరుగుతుంటే కేకేసి మజ్జిగ ఇచ్చే పక్కింటి తాతగారు, ఎవరైనా సరే. హాస్టల్ నుంచి ఫోన్ వచ్చే ఆ కాసేపట్లో మీరు వాక్యం చెప్పకండి, తిన్నాడా నిద్రపోయాడా అని అడగండి. అవుటింగ్ ఆదివారం నాడు ఆ ఐదుగురిలో ఒకరు వెళ్ళి కలిసి, కడుపునిండా బిర్యానీ తినిపించి రావాలి. చర్చికి తీసుకెళ్ళాలన్న షరతు పెట్టుకోవద్దు.

ఇంటర్ దాటి ఇంజినీరింగుకో డిగ్రీకో వెళ్ళాక చాలా కాలేజీల్లో విద్యార్థులే నడుపుకునే ఇ.యు. ప్రార్థన బృందాలు ఉంటాయి. 1954లో మొదలైన యు.ఇ.ఎస్.ఐ. వీటి వెనకున్న సంస్థ. కాలేజీ ఖాయం కాగానే అక్కడి సీనియర్ల వివరాలు కనుక్కుని ఇవ్వండి. ఇంకొక్క మాట. అతను సరిగా తినకపోయినా, నిద్ర లేకపోయినా, బతకాలని లేదన్న మాట ఒక్కసారి నోట వచ్చినా ప్రార్థనతో సరిపెట్టవద్దు. వెంటనే ఇంటికి తెచ్చుకుని డాక్టరుకు చూపించండి. టెలి మానస్ నంబరు 14416కి రాత్రీ పగలూ ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు, డబ్బు కట్టనక్కర్లేదు.

సందేహం: ఆరాధన జరుగుతుండగా ఏడెనిమిది మంది కుర్రాళ్ళు లోపలికి రాకుండా గేటు దగ్గర బైకుల మీద కూర్చుంటారు. లోపలికి వచ్చినా ద్వారం పక్కనే నిలబడి మధ్యలో వెళ్ళిపోతారు. సంఘ పెద్దలు వాళ్ళను మందలించమని నన్ను ఒత్తిడి చేస్తున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాస్టరు, నల్లగొండ జిల్లా

సమాధానం: అయ్యగారూ, వాళ్ళు గేటు దాకా వచ్చారు. రానివాళ్ళు ఇంటి దగ్గరే పడుకుంటారు. ముందు ఆ తేడా మీ పెద్దలకు చెప్పండి.

అపొస్తలుల కార్యములు ఇరవయ్యో అధ్యాయంలో త్రోయలో కూడిన సంఘంలోనూ ఒక కుర్రవాడు లోపలా బయటా కాకుండా కిటికీలో కూర్చున్నాడు. ఐతుకు. పౌలు ప్రసంగం అర్ధరాత్రి దాకా సాగింది, పిల్లవాడు కునికి మూడో అంతస్తు నుంచి పడిపోయాడు. మన ప్రసంగాల్లో తరచూ ఐతుకు నిద్రనే తప్పు పడతాం. లేఖనంలో మాత్రం అతన్ని ఒక్క మాట అనలేదు. పౌలు ప్రసంగం ఆపి కిందికి దిగాడు, అతన్ని కౌగిలించుకున్నాడు. ఆ తర్వాతే మళ్ళీ పైకి వెళ్ళి రొట్టె విరిచాడు.

ఇరవయ్యో శతాబ్దంలో ఇలాంటి పని చేసినవాడు జర్మన్ పాస్టరు డీట్రిష్ బాన్‌హోఫర్. 1931 చివర్లో, పాతికేళ్ళ వయసులో, బెర్లిన్‌లోని బీదల పేటలో అల్లరి కుర్రాళ్ళ నిర్ధారణ తరగతిని ఆయనకు అప్పగించారు. పాత పాస్టరు వాళ్ళతో వేగలేకపోయాడు. ఇద్దరూ మెట్లెక్కుతుంటే కుర్రాళ్ళు పైనుంచి చెత్త వేశారు, గోల చేశారు. బాన్‌హోఫర్ గద్దించలేదు. జేబుల్లో చేతులు పెట్టుకుని కాసేపు ఊరుకుని, ముందున్నవాళ్ళకు మాత్రమే వినబడేంత మెల్లగా న్యూయార్కులోని హార్లెంలో తాను చూసినవి చెప్పడం మొదలుపెట్టాడు. వెనకవాళ్ళు వినడానికి తామే సద్దుమణిగారు. తర్వాత ఆయన ఆ పేటలోనే గది అద్దెకు తీసుకున్నాడు, పిల్లలు ఎప్పుడొచ్చినా లోపలికి రానివ్వమని ఇంటావిడకు చెప్పి ఉంచాడు. వాళ్ళకు చదరంగం నేర్పాడు. నిర్ధారణ రోజుకు కొత్త బట్టలు లేనివాళ్ళకు గుడ్డ కొనిచ్చాడు. పెద్ద చదువులు చదివిన వేదాంత పండితుడు ఆయన.

మీరు ఆరాధన అయ్యాక గేటు దగ్గరికి వెళ్ళండి. ఒంటరిగా వెళ్ళండి, పెద్దలను వెంటబెట్టుకుని వద్దు. బైకు ఏ మెకానిక్కు దగ్గర బాగుచేయించారో అడగండి. వచ్చే వారం దూరపు పేట నుంచి నడిచి రాలేని ముసలివాళ్ళను ఆ బైకుల మీద తీసుకొచ్చి దించే పని అడిగి చూడండి. ఒప్పుకుంటారు. మందలింపు సంగతి మీ పెద్దలు మరిచిపోతారు.

సందేహం: యూత్ వాట్సాప్ గ్రూపులో ఆడపిల్లలు, మగపిల్లలు కలిసి ఉన్నారు. ఇది మంచిది కాదని కొందరు తల్లిదండ్రులు గ్రూపు మూయించమంటున్నారు. మీ అభిప్రాయం?
– ఒక సంఘ కార్యదర్శి, విశాఖపట్నం

సమాధానం: పిల్లలు గ్రూపులో అందరికీ కనబడేలా మాట్లాడుకోవడం కాదు మీరు భయపడాల్సింది. పెద్దవాళ్ళెవరైనా ఒక పిల్లతోనో పిల్లవాడితోనో విడిగా, రాత్రిపూట మెసేజీలు పెట్టడం గురించి భయపడండి. యూత్ లీడరు గానీ, వాయిద్యం నేర్పే మాస్టారు గానీ, చివరికి పాస్టరు గానీ, ఎవరికీ ఇందులో మినహాయింపు వద్దు. గ్రూపు ఉంచండి. అందులో ఇద్దరు తల్లులను, ఒక పెద్ద అక్కను చేర్చండి. రాత్రి తొమ్మిది తర్వాత మెసేజీలు లేవని నియమం పెట్టండి. మూసిన గదిలో ఒక పెద్ద, ఒక పిల్ల ఇద్దరే ఉండి ప్రార్థన చేయడం, కౌన్సెలింగ్ చేయడం ఆపేయండి. తలుపు తెరిచి ఉండాలి, రెండో మనిషి కనుచూపులో ఉండాలి. రిట్రీటుకు తీసుకెళ్తే ఆడపిల్లల వెంట స్త్రీలు తప్పనిసరి.

2012 నాటి పోక్సో చట్టం పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలందరికీ వర్తిస్తుంది. పిల్లల మీద లైంగిక అఘాయిత్యం జరిగిందని తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోవడమూ నేరమే. సంఘం పరువు పోతుందని పెద్దల సమావేశంలో సర్దుబాటు చేసే అధికారం ఎవరికీ లేదు. పిల్లల సహాయానికి 1098 నంబరు ఉంది, నోటీసు బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాయించండి. భద్రంగా లేని చోట ఏ పిల్లా 'ఇది నా సంఘం' అనుకోలేదు. ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు.

సందేహం: నాకు పదహారేళ్ళు. స్కూల్లో నాకు ఒక పేరు, చర్చిలో ఇంకో పేరు. మా చర్చి ఆరాధన యూట్యూబ్‌లో లైవ్ వస్తుంది. క్లాసువాళ్ళు చూస్తారేమోనని నేను స్తంభం చాటున కూర్చుంటాను. అది చూసి లీడరన్న అందరి ముందూ 'ప్రభువును గురించి సిగ్గుపడేవాడు' అన్నాడు. ఇంకో బాధ కూడా ఉంది. మా యూత్‌లో మా పేట పిల్లలు ఒకవైపు, అవతలి పేట పిల్లలు ఒకవైపు కూర్చుంటారు. ఎందుకో అందరికీ తెలుసు, ఎవరూ మాట్లాడరు.
– ఒక విద్యార్థి, ప్రకాశం జిల్లా

సమాధానం: బాబూ, ముందుగా ఒక మాట. ఆ లీడరు అన్నది తప్పు. అందరి ముందూ అనడం ఇంకా పెద్ద తప్పు.

నీ రెండు పేర్ల వెనక చాలా పాత కథ ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా మొదట హిందువులకే ఉండేది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తింపజేశారు. క్రైస్తవులకు లేదు. మన రెండు రాష్ట్రాల్లోనూ ఆ కులాల నుంచి క్రైస్తవులైన వారిని బీసీ-సీ కింద లెక్కిస్తారు. ఆ చిక్కులో ఎన్నో కుటుంబాల్లో పిల్లల చదువు కోసం ఒక పేరు, ఇంట్లో ఒక పేరు ఉండిపోయాయి. దీని మంచిచెడ్డలు, చట్టం ఏమంటుందన్నది మీ అమ్మానాన్నలు తెలిసిన న్యాయవాదితోనూ పాస్టరుగారితోనూ కూర్చుని మాట్లాడుకోవాల్సిన సంగతి. పదహారేళ్ళవాడివి నువ్వు దానికి సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు. సంఘాలకు నా సూచన ఒకటే. పిల్లల ముఖాలు లైవ్‌లో చూపించకండి, కెమెరాను వేదిక మీదే ఉంచండి. ఎవరికీ నష్టం లేదు. స్తంభం చాటు పిల్లవాడు ముందుకొచ్చి కూర్చుంటాడు.

రెండో బాధ గురించి నువ్వు అడిగావు గనుక తేటగా చెబుతాను. ఆ రెండు వరుసల మధ్య ఉన్నది కులం. మాల, మాదిగ అన్న తేడాను గుడి బయట వదిలి రాలేని సంఘాలు మనలో ఇంకా ఉన్నాయి. మీ జిల్లా చరిత్రే దీనికి జవాబిస్తుంది. 1866లో ఒంగోలు వచ్చిన మిషనరీ క్లౌ దొర దగ్గరికి పై కులాలవారు కొందరు వచ్చి, అంటరానివారిని చేర్చుకోకపోతే తాము వస్తామన్నట్టుగా మాట్లాడారు. ఆయన, ఆయన భార్య ఆ రోజు వేర్వేరు గదుల్లో బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే భాగం తగిలిందని చెబుతారు: కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయంలో, దేవుడు లోకం తక్కువగా చూసేవారిని ఎంచుకున్నాడన్న మాటలు. వాళ్ళు మాదిగల పక్షాన నిలబడ్డారు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. తక్కువగా చూడబడినవారిని చేర్చుకున్నందుకు పుట్టిన సంఘాల్లో ఇవాళ పేటను బట్టి బల్లలు పంచుకోవడం నాకు సహించరానిదిగా అనిపిస్తుంది. నీకు చేతనైతే వచ్చే శనివారం అవతలి వరుసలో ఒక్క స్నేహితుడి పక్కన కూర్చో. ఆ తర్వాతి భారం నీది కాదు. జట్లు వేసేటప్పుడు రెండు పేటల పిల్లలనూ కలిపి వేయాల్సింది, ప్రేమవిందులో ఒకే పంక్తిలో కూర్చోబెట్టాల్సింది మీ పెద్దలు. ఈ పేజీని మీ పాస్టరుగారికి చూపించు.

సందేహం: మేము అమెరికాలో, డాలస్‌లో ఉంటున్నాం. మా తెలుగు సంఘంలో ఆరాధన అంతా తెలుగులోనే. పిల్లలకు అర్థం కాదు, పక్క గదిలో వీడియో గేములు ఆడుకుంటూ కూర్చుంటారు. వాళ్ళకు విడిగా ఇంగ్లీషు ఆరాధన పెట్టేస్తే సరిపోతుందా?
– ఒక తండ్రి

సమాధానం: పెట్టండి, కానీ అదొక్కటే అయితే మరో గది ఇచ్చినట్టే అవుతుంది. పన్నెండేళ్ళ యేసు దేవాలయంలో బోధకుల మధ్య కూర్చుని వింటూ ప్రశ్నలడిగాడని లూకా రాశాడు. విడి గదిలో కాదు, పెద్దల మధ్య. నెలకొక ఆదివారమైనా పిల్లలు ఇంగ్లీషులో లేఖనం చదవాలి, ఒక పెద్దాయన తెలుగులో సాక్ష్యం చెబితే పక్కన నిలబడి ఒక పిల్ల దాన్ని ఇంగ్లీషులోకి మార్చి చెప్పాలి. ఆ పని కోసం ముందు రోజు ఆ పిల్ల పెద్దాయన ఇంట్లో ఓ గంట కూర్చోవాల్సి వస్తుంది. నాకు ముఖ్యం ఆ గంటే. 1803లో పుట్టిన పురుషోత్తమ చౌదరి గారి కీర్తన ఒకటి ఇంగ్లీషు లిపిలో రాసిచ్చి, అర్థం చెప్పి నేర్పండి. అది పాడేటప్పుడు అమ్మమ్మలు కూడా గొంతు కలుపుతారు, పిల్లలకు ఆ గదిలోకి రావడానికి ఒక దారి దొరుకుతుంది.

వచ్చే సంచికలో వేసవి వి.బి.ఎస్.లో టీనేజ్ పిల్లలకు ఇవ్వదగిన పనుల గురించి రాస్తాను. ఇంకా రాయని పిల్లలు మీ ఉత్తరం మీరే రాయండి, పెద్దలకు చూపించాల్సిన పని లేదు. పేరు బయటపెట్టం.